మేమున్నాం కదా అన్నందుకు

నా భర్తను జైలు నుంచి ముందుగా విడిచిపెట్టమని పెట్టుకున్న అర్జీని ఫెడరల్ జడ్జి కొట్టేశాడు. అందుకు ఆయన రాసిన కారణం చదివితే నాకు మొదట నవ్వొచ్చింది. నన్ను చూసుకోవడానికి బోలెడంతమంది మనుషులున్నారట. నేనప్పుడు టెక్సాస్‌లో, ప్లేనోలోని మా ఇంట్లో, పొద్దున నర్సింగ్ ఏజెన్సీ నుంచి వచ్చినావిడ నన్ను ఏ పక్కకు తిప్పి వెళ్లిందో ఆ పక్కకే తిరిగి పడుకుని ఉన్నాను. ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. ఈ బోలెడంతమందీ ఎక్కడున్నారా అని చుట్టూ చూద్దామన్నా నాకు ఒక గోడే కనిపిస్తుంది. రెండో గోడ చూడాలంటే మళ్లీ మనిషి రావాలి.

ముందు మా ఆయన సంగతి చెప్పేస్తాను. ఆయన తప్పు చేశాడు. చేయని వైద్యానికి బిల్లులు పంపే ఒక కంపెనీలో లెక్కల విభాగం చూసేవాడు. ఆ బిల్లులు దొంగవని తెలిసే సంతకాలు పెట్టాడు. సంగతి బయటపడ్డాక నేను ఆయనతో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు, శిక్ష పడింది, వెళ్లాడు. ఆ శిక్ష అన్యాయమని నేను ఏనాడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆయన వెళ్లాక నా వెన్నుపాముకు ఏదో వాపు వచ్చింది. జ్వరంలా మొదలై కొద్దిరోజుల్లోనే ఛాతీ కింద శరీరమంతా నా మాట వినడం మానేసింది. చేతుల్లో ఫోన్ పట్టుకునేంత, నాలుగు ముక్కలు రాసుకునేంత బలం మిగిలింది. మాకు పిల్లలు లేరు. నాకున్న ఒక్క అన్న కరీంనగర్‌లో తన ఆరోగ్యంతోనే సతమతమవుతున్నాడు. పొద్దునపూట ఏజెన్సీ ఆవిడ వచ్చి వెళ్లాక, మర్నాడు ఆవిడ వచ్చేదాకా నా బతుకు నాది.

ఇక్కడి చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ఖైదీ భార్యో భర్తో మంచాన పడి, చూసుకోవడానికి ఆ ఖైదీ తప్ప ఇంకెవరూ లేకపోతే, జడ్జి శిక్ష తగ్గించవచ్చు. తగ్గించి తీరాలని లేదు, తగ్గించవచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని అర్జీ వేశాం.

మా మొదటి లాయరు మంచి మనిషి, పెద్దాయన, టెక్సాస్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఖైదీ బయటికొస్తే అతనికి అండగా నిలబడేవాళ్లు ఉన్నారని జడ్జికి తెలియాలి, మీవాళ్ల దగ్గర ఉత్తరాలు తీసుకురండి అన్నాడు. ఈ సంగతి నేను అక్కతో అన్నాను. అక్క అంటే మాకు రెండు వీధుల అవతల ఉండే గుంటూరు ఆవిడ. ఆఫీసులో టీమ్‌ని నడిపినట్టే మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపును కూడా నడుపుతుంది. ఎవరింట్లో పురుడైనా, ఎవరి ఉద్యోగం పోయినా, ఎవరి వంతు ఏ కూర అన్నది ఆమె నోటి నుంచి రావాల్సిందే. అక్క ఒక్క మెసేజ్ పెట్టింది. వారం తిరిగేలోగా ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. డాక్టర్లు, ఇంజినీర్లు, గుడి కమిటీవాళ్లు, నేను ముఖం కూడా చూడనివాళ్లు రాశారు. అన్నింటిలోకీ పొడవైనది, చదివితే కళ్లు చెమర్చేది అక్క ఉత్తరమే. లాయరు పెద్దాయన అవి చూసి, నా ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో ఇంత మంచి సమాజాన్ని చూడలేదని తెగ సంబరపడ్డాడు. మేమూ సంబరపడ్డాం.

మనవాళ్ల ఇళ్లలో కష్టం వచ్చినప్పుడు నడిచే తంతు ఒకటుంది. పరామర్శకు వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూనే "మేమున్నాం కదా, ఏం కావాలన్నా మొహమాటపడకుండా ఫోన్ చెయ్యి" అంటారు. కష్టంలో ఉన్నవాళ్లు "మీరున్నారనే కదా ధైర్యం" అంటారు. తర్వాత అందరూ టీ తాగుతారు. ఇందులో మోసమేమీ లేదు. అనేటప్పుడు అనేవాళ్లకు నిజంగానే చేయాలనిపిస్తుంది, వినేవాళ్లకు నిజంగానే కాస్త బలమొస్తుంది. కాకపోతే ఆ ఫోన్ ఎవరూ చేయరు. చేయకూడదని ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్లుగా ఇంతమందిమి ఇలాగే బతుకుతున్నాం, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. దాన్ని ఒక ఫెడరల్ జడ్జి అక్షరాలా నమ్మేస్తాడని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఆయన నమ్మాడు. ఉత్తర్వులో మావాళ్ల మాటలు వరసగా ఎత్తి రాసి, ఇంతమంది ఆప్తులు కంటికి రెప్పలా చూసుకోవడానికి సిద్ధంగా ఉండగా భర్త ఒక్కడే దిక్కు అనడం కుదరదన్నాడు. మొదట వచ్చిన నవ్వు కాసేపటికే పోయింది. ఆ సాయంత్రం నేను ఏడవలేదు గానీ, ఫోన్ చేసి పలకరించిన ప్రతివాళ్ల మీదా విరుచుకుపడ్డాను.

అప్పీలు చేసుకోవడానికి క్రిమినల్ కేసుల్లో గడువు చాలా తక్కువ, రెండు వారాలే. పెద్దాయన గడువులోగా అప్పీలు నోటీసు వేసి, పై కోర్టులో వాదించడం తన పని కాదని, అలాంటి కేసులు ఫీజు లేకుండా చూసే ఒక చిన్న సంస్థకు మా కాగితాలు పంపాడు. అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. "ఆంటీ, నేను నీ కేస్ చదివాను. ఐ యామ్ సో మ్యాడ్" అంది ఒక ఆడపిల్ల గొంతు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆమెకు తెలుగులో 'మీరు' అన్న మాట రాదు. అందరినీ నువ్వు అనే అంటుంది, చివరికి గుడిలో పూజారిని కూడా. మొదట్లో నాకు చురుక్కుమనేది. నాలుగు రోజులకు అలవాటైపోయింది. ఆ తర్వాత ఆ నువ్వు వినకపోతే తోచేది కాదు. తన కారులో ఎప్పుడూ ఖాళీ కాఫీ కప్పులు దొర్లుతుంటాయని తనే చెప్పేది. జుట్టు ముడిలో పెన్సిల్ ఒకటి గుచ్చి ఉండేది. చూస్తే కాలేజీ పిల్లలా ఉండే ఈ పిల్ల ముగ్గురు జడ్జీల ముందు ఏం నిలబడుతుందిలే అనుకున్నాను. నా అంచనాలు చాలాసార్లు తప్పాయి గానీ, ఇంత సంతోషంగా ఎప్పుడూ తప్పలేదు.

ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, డైనింగ్ టేబుల్ మీద ఉత్తరాలన్నీ పరిచింది. ఆ ఒక్కరోజుకు సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పి, ఏజెన్సీ ఆవిడ నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లింది. అమ్మాయి ఒక్కో ఉత్తరమే తీసి, ఈ అంకుల్ లాస్ట్ టైమ్ ఎప్పుడొచ్చాడు, ఈ ఆంటీ నీకేం చేసింది అని అడగడం మొదలుపెట్టింది. నేను అందరినీ వెనకేసుకొచ్చాను. పాపం వాళ్లకు చిన్నపిల్లలు, వీళ్లాయనకు నైట్ షిఫ్టులు, ఆమె ప్రతి పండక్కీ పులిహోర పంపిస్తుంది, ఇలా చెప్పుకుంటూ పోయాను. ఆమె కాసేపు ఓపిగ్గా విని పెన్ను కింద పెట్టేసింది.

"ఆంటీ, పులిహోర గురించి నేను అడగలేదు. నిన్ను మంచం నుంచి ఎవరు లేపుతారు?"

ఆ ఉత్తరం పక్కన పెట్టి ఇంకోటి తియ్యమన్నాను.

అప్పుడామె వాళ్ల అమ్మ గురించి చెప్పింది. చిన్నప్పటి నుంచీ వాళ్లమ్మ ఎవరింటికి వెళ్లినా ఇదే మాట అనడం వెనక సీట్లో కూర్చుని వినేదట. ఒకసారి అలా మాటిచ్చిన ఇంటికి నిజంగా వెళ్దామని గోల చేస్తే, అది అలా అంటారే గానీ వెళ్లరమ్మా అని వాళ్లమ్మ నవ్విందట. ఈ ఉత్తరాలు చదవగానే ఆమెకు వాళ్లమ్మ గొంతు వినిపించిందట. మా పెద్దాయనకు ఉత్తరాల్లో మంచి సమాజం కనిపించింది. జడ్జికి నౌకర్ల పటాలం కనిపించింది. ఈ పిల్లకు మాత్రం మేం కనిపించాం. మా వాళ్ల ప్రేమ ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఆమెకు బాగా తెలుసు. దాన్ని ఆమె ఎగతాళి చేయలేదు. అందుకే ఆ రోజే ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

సరే, ఈ నిజమంతా వెళ్లి పై కోర్టులో చెప్పేయమన్నాను. చెప్పకూడదంది. అప్పీలు కోర్టు కొత్త సంగతులేవీ వినదట. కింది కోర్టులో ఏ కాగితాలున్నాయో వాటితోనే వాదించాలి. మమ్మల్ని ముంచిన ఉత్తరాలు పట్టుకునే ఒడ్డుకు రావాలన్నమాట. ఇదేం న్యాయమని ఆమె మీదే కేకలేశాను. ఆమె ఏమీ అనుకోకుండా, మిగిలిన ఉత్తరాలు కూడా చదివి వినిపించమంది. తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో రాసిన ఉత్తరాలు నా గొంతుతో వింటే ఇంకా బాగా అర్థమవుతాయట. సాయంత్రం దాకా చదివాను. పక్కన కూర్చుని, ఎవరు ఏం చేస్తామన్నారో మాత్రమే గుర్తులు పెట్టుకుంది. భోజనం పంపుతామన్నారు, గుడికి తీసుకెళ్తామన్నారు, డాక్టర్ దగ్గరికి డ్రైవ్ చేస్తామన్నారు, ఆయన తిరిగొచ్చాక ఇద్దరికీ అండగా ఉంటామన్నారు. స్నానం చేయిస్తామని గానీ, పక్కకు తిప్పుతామని గానీ, పుండ్లు పడకుండా చూస్తామని గానీ ఒక్కరూ రాయలేదు. అది గమనించాక ఆమె ముఖం వెలిగిపోయింది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు.

ఆమె రాసి పంపిన వాదనకు ప్రభుత్వ లాయరు రాసిన జవాబు చూసి మేమిద్దరం పడీపడీ నవ్వాం. మా తెలుగువాళ్ల ఐకమత్యాన్ని, ఔదార్యాన్ని, కుటుంబ విలువలను పేజీలకు పేజీలు పొగిడాడు. మా సంఘం వార్షికోత్సవంలో కూడా మమ్మల్ని మేం అంతగా పొగుడుకోం. ఇన్ని పొగడ్తలూ మా ఆయన్ని లోపలే ఉంచడానికి.

ఆమె రాసిన వాదన కూడా కోర్టు రికార్డులోకి వెళ్లింది. అది ఎవరైనా చదవచ్చు. ఎవరో చదివి గ్రూపులో పెట్టారు. అందులో ఒక వాక్యం ఉంది: ఈ ఉత్తరాలు రాసినవారు దయగల పొరుగువారే గానీ సంరక్షకులు కారు, రోజువారీ సంరక్షణ ఇస్తామని వారు ఎక్కడా చెప్పలేదు. తప్పేముంది అందులో? కానీ ఆ మధ్యాహ్నం అక్క మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు. ఇంతమంది చేత రాయించింది నేను, ఇప్పుడు మేమంతా ఉత్తి మాటలవాళ్లమని కోర్టుకెక్కి చెప్పిస్తావా అని అడిగింది. మన పరువు మనమే తీసుకుంటామా అంది. నేను కూడా తగ్గలేదు. అనరాని మాటలన్నాను. ఆమె తెచ్చిన కూర డబ్బాలు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలాకాలం రాలేదు. ఆమె రాకపోతే మిగతావాళ్లూ రారు.

ఆ వారం జైలు నుంచి ఆయన ఫోన్ చేసినప్పుడు ఈ సంగతంతా చెప్పాను. ఆయన అప్పీలు వదిలేద్దామన్నాడు. నేను ఇంకొన్నేళ్లు ఉండగలను, నువ్వు మనుషులు లేకుండా ఉండలేవు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సంతకాలు పెట్టేటప్పుడు నన్ను అడగలేదు, ఇది కూడా నీ ఒక్కడి నిర్ణయమేనా అన్నాను. అని ఫోన్ పెట్టేశాక భయమేసింది. ఉన్న నలుగురూ పోయి, ఆయనా రాకపోతే? అప్పటిదాకా నేను ఓడిపోవడం గురించి ఆలోచించనే లేదు. అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె నాకేమీ మాటివ్వలేదు. అప్పీళ్లలో ఎక్కువ భాగం ఓడిపోతామని కూడా చెప్పింది. అయినా సరే, ఏమైతదో అయితది, నువ్వు కానియ్యి అన్నాను.

వాదన జరిగిన రోజు నేను ట్యాబ్లెట్‌లో విన్నాను. అప్పీలు కోర్టు వేరే రాష్ట్రంలో ఉంది. బొమ్మ రాదు, గొంతులే వస్తాయి. ముగ్గురు జడ్జీలు. అమ్మాయి నాలుగు మాటలు చెప్పిందో లేదో ఒక జడ్జి అడ్డుపడ్డాడు. ఇంతమంది చదువుకున్న మనుషులు ఈమెను చూసుకుంటామని సంతకాలు పెట్టి రాశారు, వాళ్లంతా అబద్ధం చెప్పారంటారా అని అడిగాడు. అవునంటే మావాళ్లు అబద్ధాలకోర్లు, కాదంటే కేసు పోయినట్టే.

"లేదు, యువర్ ఆనర్. ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు" అంది ఆమె. "నేను ఇలాంటివాళ్ల మధ్యే పెరిగాను. ఆమె ఒంటరి కాదని చెప్పడానికి ఈ ఉత్తరాలు రాశారు. అది నిజమే. ఆమెను మంచం నుంచి లేపుతామని రాయలేదు. అలా రాసిన లైన్ ఒక్కటి రికార్డులో ఎక్కడైనా ఉంటే ప్రభుత్వాన్ని చూపించమనండి."

మీరు ఎక్కడ పెరిగారన్నది కూడా రికార్డులో లేదు కదా అన్నాడు ఇంకో జడ్జి. కోర్టులో ఎవరో నవ్వారు. "లేదు, అది వెనక్కి తీసుకుంటున్నాను. ఉత్తరాలు మాత్రం ఉన్నాయి" అంది ఆమె. గొంతులో ఎక్కడా వణుకు లేదు. మా ఇంట్లో కాఫీ కప్పు ఎక్కడ పెట్టానా అని వెతుక్కునే పిల్ల ఈ పిల్లేనా అనిపించింది. ప్రభుత్వ లాయరు వంతు వచ్చినప్పుడు అదే జడ్జి ఆ లైన్ చూపించమన్నాడు. కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. చివరికాయన ఉత్తరాలన్నీ కలిపి చదివితే ఆ భావం వస్తుందన్నాడు. "భావమా?" అన్నాడు జడ్జి. మంచంలో పడుకుని ఒక్కదాన్నే గట్టిగా చప్పట్లు కొట్టాలనుకున్నాను. నా చేతులు చేసే చప్పుడు నాకే వినబడదు, అయినా కొట్టాను.

తీర్పు వచ్చింది. కింది కోర్టు ఉత్తరాల్లో లేనిదాన్ని ఉందనుకుంది, ఆ ఉత్తర్వు చెల్లదు, మళ్లీ విచారించమని పంపేశారు. గెలిచామని నేను ఎగిరి గంతేసినంత పనిచేస్తే, అమ్మాయి నా ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. ఇది విడుదల కాదు ఆంటీ, మళ్లీ అదే జడ్జి దగ్గరికే వెళ్లాలి అంది. ఈసారి ఆయన సాక్షులను పిలిచి స్వయంగా అడుగుతానన్నాడట. ఉత్తరాలు రాసినవాళ్లు వచ్చి, మేం రోజూ చూసుకోలేం అని ప్రమాణం చేసి చెప్పాలి. ఎవరూ రాకపోతే, మళ్లీ వాళ్లున్నారనే జడ్జి అనుకోవచ్చు.

ఆమె అందరికీ ఫోన్లు చేసింది. ఉత్తరం రాయమంటే వారంలోగా రాసినవాళ్లు ఇప్పుడు ఊళ్లో లేమన్నారు, మీటింగులన్నారు, లాయరును అడిగి చెప్తామన్నారు. నాకు వాళ్ల మీద కోపం రాలేదంటే నమ్మండి. కోర్టులో నిలబడి, నేను సాయం చేయనని పదిమంది వినేలా చెప్పడం మా వాళ్ల నోట ఎలా వస్తుంది? సాయం చేయకుండా ఉండటం మాకు కొత్త కాదు, చేయనని చెప్పడమే కొత్త. విచారణ రోజు దగ్గరపడేసరికి అమ్మాయి దగ్గర సాక్షిగా నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ రోజు కుర్చీ ఎక్కించే రాంప్ ఉన్న వ్యాన్‌లో నన్ను కోర్టుకు తీసుకెళ్లారు. జడ్జి రాక్షసుడేమీ కాదు. నా చక్రాల కుర్చీ పట్టడానికి ముందు వరస బెంచీ తీయించి ఉంచాడు. మా ఆయన జైలు నుంచి వీడియోలో కనిపించాడు. జుట్టు తెల్లబడిపోయింది. నేను నా పరిస్థితి చెప్పుకున్నాను. ప్రభుత్వ లాయరు మర్యాదగానే అడిగాడు. మీ మిత్రులను మీరు సాయం అడిగారా, అడిగితే కాదన్నారా అన్నాడు. అడగలేదన్నాను. ఎందుకని అడిగాడు. దానికి నా దగ్గర ఇంగ్లిష్‌లో జవాబు లేదు. ఆ నిమిషంలో మేం ఓడిపోయామని నాకు అర్థమైంది.

నన్ను పక్కకు జరిపాక అమ్మాయి లేచి, ఇంకో సాక్షి ఉందంది. తలుపు తీసుకుని అక్క వచ్చింది. ఆఫీసుకు వేసుకునే నీలం కోటు వేసుకుంది. నా వైపు చూడలేదు. ముందురోజే తనంతట తను అమ్మాయికి ఫోన్ చేసిందని తర్వాత తెలిసింది. పై కోర్టులో జరిగిన వాదనను ఆమె కూడా ఇంట్లో కూర్చుని విందట. మావాళ్లు అబద్ధం చెప్పలేదని ఆ పిల్ల అన్న చోట ఆపి, మళ్లీ విందట.

ఈమెను ఎప్పుడైనా మంచం నుంచి లేపారా అని అమ్మాయి అడిగింది. లేదంది అక్క. లేపగలరా అని అడిగింది. "నా వల్ల కాదు" అంది అక్క. ఇంగ్లిష్‌లోనే అంది గానీ, నా చెవికి అది తెలుగులోనే వినిపించింది. ఎవరికి ఏ పని పడ్డా నేను చూసుకుంటాలే అనే మనిషి నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి.

తర్వాత ప్రభుత్వ లాయరు లేచాడు. ఆమె ఉత్తరం చేతిలో పట్టుకుని, ఇందులో మీరు ఈమెను నా సొంత చెల్లెలిలా చూసుకుంటానని రాశారు, అది నిజం కాదా అని అడిగాడు. నిజమేనంది. మరి మీ సొంత చెల్లెలు ఇలా మంచాన పడితే, ఆమెతో కూడా నా వల్ల కాదంటారా అన్నాడు. చాలా తెలివైన ప్రశ్న అనుకుని ఉంటాడు.

అక్క కోటు బొత్తాం పట్టుకుని తిప్పుతూ కూర్చుంది.

"నా సొంత చెల్లెలు విజయవాడలో మంచాన పడింది, సార్. రోజూ ఫోన్ చేసేదాన్ని. నేనున్నాను కదా అని రోజూ చెప్పేదాన్ని. వెళ్లలేదు. ఉద్యోగం అన్నాను, గ్రీన్ కార్డ్ అన్నాను, పిల్లల పరీక్షలు అన్నాను. అది పోయినప్పుడు ఫోన్‌లో చూశాను." అక్కడ ఆగి నీళ్లు తాగింది. "ఈమెను సొంత చెల్లెలిలా చూసుకుంటానని రాసింది నిజమే. నేను ఎలా చూసుకుంటానో నాకు తెలుసు. అందుకే చెప్తున్నాను, ఆయన్ని ఇంటికి పంపించండి."

ప్రభుత్వ లాయరు కూర్చున్నాడు. జడ్జి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. మా అమ్మాయి, ముగ్గురు జడ్జీల ముందు వణకని పిల్ల, తల వంచుకుని కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయింది. అక్కకు ఒక చెల్లెలు ఉండేదన్న సంగతే నాకు తెలియదు. ఇన్నేళ్లలో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఒక్క మాట దాచుకుంటే ఆమె పరువు ఆమెకు మిగిలేది. నా కోసం దాన్ని తెచ్చి పరాయివాళ్ల ముందు పెట్టేసింది. నా జీవితంలో నేను చూసిన ధైర్యాల్లో అంతకు మించింది లేదు.

బయట వరండాలో ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఏదో అనబోయాను. ట్రాఫిక్ ఎక్కువవుతుంది, ముందు వ్యాన్ ఎక్కు అని గదమాయించి వెళ్లిపోయింది.

జడ్జి అర్జీ ఒప్పుకున్నాడు. మిగిలిన శిక్ష తగ్గించి, షరతుల మీద ఆయన్ని ఇంటికి పంపించాడు. అమ్మాయి ఫోన్‌లో ఉత్తర్వు చదివి వినిపించి, "ఆంటీ, నువ్వు ఇప్పుడు ఏడవచ్చు" అంది. ఏడ్చాను.

ఆయన వచ్చిన మర్నాడు ఉదయం నన్ను మొదటిసారి మంచం నుంచి లేపాడు. ఏజెన్సీ ఆవిడ పక్కన నిలబడి ఎలా పట్టుకోవాలో చెప్పింది. చేతులు కిందికి పోనిచ్చి ఎత్తాక ఆయన ముఖం మారిపోయింది. నేనింత తేలికైపోయానని ఆయన ఊహించి ఉండడు. ఏడుస్తాడేమోనని భయమేసి, నడుము కాదు, మోకాళ్లు వంచు అని కసిరాను. కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు సర్ది, ఎటు పోదామని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. అందరూ నా దగ్గరికి వచ్చి వెళ్లేవాళ్లే. మంచం పట్టాక నేను ఎవరింటికీ వెళ్లి ఎరగను.

అక్క ఇంటికి పోదామన్నాను. రెండు వీధులే కాబట్టి ఆయన తోసుకుంటూ తీసుకెళ్లాడు. తలుపు తీసి ఆమె కంగారుపడిపోయింది. చెప్పి రావద్దా, ఇల్లంతా ఎలా ఉందో చూడు అంటూనే, దారికి అడ్డంగా ఉన్న చెప్పుల స్టాండ్ జరిపింది. ఆయన కుర్చీని వెనక్కి వంచి గడప దాటించి, నన్ను వంటింటి దాకా తీసుకెళ్లి, బయట కూర్చుంటానని వెళ్లాడు. ఆమె అటు తిరిగి టీకి నీళ్లు పెట్టింది.

"మీ చెల్లెలి పేరేందక్కా?" అని అడిగాను.

ఆమె స్టవ్ ఆపేసి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.